చలనం నుంచి సూత్రానికి: దొర్లే చక్రం అడిగిన ప్రశ్న

ఈ ఉపన్యాసం గోపాలస్వామి దొరస్వామి (జి.డి.) నాయుడుగారి స్మృతికి అంకితం.

విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చిన తెలుగువారు ఈ తమిళ నేలను సొంత నేల చేసుకున్నారు. నల్లరేగడిలో పత్తి పండించినవారు, మగ్గం మీద బట్ట నేసినవారు, బావుల్లోంచి నీళ్లు తోడే తోలు బొక్కెనలు కుట్టిన అరుంధతీయులు, రాజుల కొలువుల్లో పనిచేసినవారు అందరూ ఆ వలసలో ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం పలుకుతూ తరతరాలుగా బతుకుతున్న ఈ సమాజంలోనే 1893లో కలంగల్ గ్రామంలో నాయుడుగారు జన్మించారు. 1974 జనవరి 4న ఆయన కన్నుమూసేనాటికి కోయంబత్తూరు దేశంలోని పెద్ద యంత్ర పరిశ్రమల నగరాల్లో ఒకటిగా నిలిచింది.

ఆయన స్మరణ సభలో యాంత్రిక శాస్త్రంలోని ఒక కఠిన సమస్యను ఎన్నుకోవడానికి కారణం ఉంది. నాయుడుగారి బడి చదువు కొద్దిపాటిది. ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర కొన్న మోటారు సైకిలును విప్పి, తిరిగి బిగించి, దాని మర్మం గ్రహించిన మనిషి ఆయన. పని చేస్తున్న యంత్రం ముందు ఉంటుంది, దాన్ని నడిపే సూత్రాన్ని వెనక్కి వెళ్లి పట్టుకోవాలి. 1920లో ఒకే ఒక బస్సుతో పొళ్లాచ్చి, పళని నడుమ మొదలైన ఆయన రవాణా వ్యాపారం, 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి తయారుచేసిన విద్యుత్ మోటారు, అన్నీ ఈ వెనుకదారిలోనే నడిచాయి. గణితంలో ఈ దారికి ఒక కచ్చితమైన రూపం ఉంది. దాన్నే వేరియేషనల్ సూత్రాల విలోమ సమస్య అంటారు. ఒక వస్తువు ఎలా కదులుతున్నదో చెప్పే సమీకరణాలు మన చేతిలో ఉన్నప్పుడు, వాటన్నిటికీ మూలమైన ఒకే ఒక్క ప్రమేయం వెనుక ఉన్నదా, ఉంటే ఏది అన్నది ఆ ప్రశ్న.

ఈరోజు నేను నిలబెట్టదలచిన ప్రతిపాదన ఇది. సూత్రం నుంచి చలనానికి వెళ్లే దారి ఎంత అవసరమో, చలనం నుంచి సూత్రానికి వెళ్లే దారి శాస్త్రానికి అంతే అవసరం. ఈ రెండో దారి ఎక్కడ మూసుకుపోతుందో, ఎందుకు మూసుకుపోతుందో తేల్చిన చోటే యాంత్రిక శాస్త్రం తన్ను తాను ఎక్కువగా తెలుసుకుంది. ఆ చోటును చూపినది దొర్లే చక్రం.

ముందు మొదటి దారి చూద్దాం. 1744లో మోపర్ట్యూయీ ప్రకృతి తన పనులన్నీ కనిష్ఠ క్రియతో చేస్తుందని ప్రకటించాడు. ఆయన మాటల్లో వేదాంతం పాలు ఎక్కువ, గణితం పాలు తక్కువ. ఆ గణితాన్ని సమకూర్చినవాడు ఆయిలర్. 1788లో లగ్రాంజ్ తన విశ్లేషణాత్మక యాంత్రిక శాస్త్ర గ్రంథంలో బొమ్మ ఒక్కటీ లేకుండా, బీజగణితంతోనే యాంత్రిక శాస్త్రాన్నంతా పునర్నిర్మించాడు. 1834, 1835 సంవత్సరాల్లో హామిల్టన్ దానికి శిఖరం ఎత్తాడు. గతిజ శక్తిలోంచి స్థితిజ శక్తిని తీసివేస్తే వచ్చే ప్రమేయాన్ని లగ్రాంజియన్ అంటాం. రెండు క్షణాల నడుమ సాధ్యమైన దారులన్నిటిలోనూ వస్తువు నిజంగా నడిచే దారి ఈ ప్రమేయం మొత్తాన్ని స్థిరబిందువు దగ్గర నిలుపుతుంది. పొరుగు దారికి కొద్దిగా జరిగినా ఆ మొత్తంలో మొదటి స్థాయి మార్పు రాదు. ఒక్క ప్రమేయం రాసుకుంటే చాలు, ఎన్ని చరరాశులున్నా చలన సమీకరణాలన్నీ అందులోంచి వచ్చేస్తాయి. శక్తి నిత్యత్వం, ద్రవ్యవేగ నిత్యత్వం కూడా ఆ ప్రమేయంలోని సౌష్ఠవాల నుంచే పుడతాయని 1918లో ఎమీ నోటర్ నిరూపించింది. ఇంతటి సంపదకు తాళంచెవి ఒక్కటే అయినప్పుడు, ప్రతి చలనానికీ అలాంటి తాళంచెవి ఉండి తీరాలన్న ఆశ పుట్టడం సహజం.

ఆ ఆశను పరీక్షకు పెట్టినవాడు హెల్మ్‌హోల్ట్జ్. 1887లో అచ్చయిన వ్యాసంలో ఆయన ప్రశ్నను తిరగేశాడు. కొన్ని రెండో క్రమపు అవకలన సమీకరణాలు ఇచ్చి, ఇవి ఏదైనా లగ్రాంజియన్ నుంచి వచ్చినవేనా అని అడిగితే, ఎలా తేల్చాలి? అందుకు కావలసిన షరతులను ఆయన రాబట్టాడు. నేడు వాటిని హెల్మ్‌హోల్ట్జ్ షరతులంటాం. ఆ షరతులు నెరవేరితే లగ్రాంజియన్ ఉండి తీరుతుందని 1896లో ఆడాల్ఫ్ మేయర్ చూపించాడు. ఒకే ఒక చరరాశి ఉన్న చలనానికి జవాబు ఎప్పుడూ అవును అనే వస్తుంది. ఈ సంగతిని రష్యాలో సోనిన్, ఆ తర్వాత 1894లో ఫ్రాన్సులో డార్బూ తేల్చారు. గాలి నిరోధంతో క్రమంగా ఆగిపోయే లోలకానికి సైతం, కాలంతో పాటు పెరిగే గుణకంతో ఒక లగ్రాంజియన్ రాయవచ్చు.

రెండు చరరాశులకు రాగానే పరిస్థితి మారిపోతుంది. 1941లో జెస్సీ డగ్లస్ ఆ సందర్భాన్నంతా వర్గీకరించి, ఏ సమీకరణాలకు లగ్రాంజియన్ ఉంటుందో, వేటికి ఉండదో విడదీశాడు. ఆ వర్గీకరణ ఎంత చిక్కటిదంటే, మూడు, అంతకు మించిన చరరాశులకు దానంత సంపూర్ణమైన సమాధానం నేటికీ లేదు.

వెనుకదారిలో మరో చిక్కు ఉంది. గమ్యం ఒక్కటే కాకపోవచ్చు. ఏ బలమూ లేని కణం సరళరేఖలో సమవేగంతో సాగుతుంది. వేగం వర్గాన్ని లగ్రాంజియన్‌గా తీసుకున్నా, నాలుగో ఘాతాన్ని తీసుకున్నా కదిలే కణానికి వచ్చే దారి అదే. చలనం ఒకటే, మూల ప్రమేయాలు అనేకం. క్వాంటం సిద్ధాంతంలో అడుగుపెట్టగానే ఈ తేడా ముఖ్యమవుతుంది. చలన సమీకరణాలు మాత్రమే తెలిస్తే క్వాంటం నియమాలు నిర్ణయమవుతాయా అని 1950లో విగ్నర్ ప్రశ్నించాడు. అవి ఒక్క తీరుగా నిర్ణయం కావని చూపాడు.

ఈ అన్వేషణలో మన ప్రాంతానికీ వాటా ఉంది. 1974లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎం. మాథ్యూస్, ఎం. లక్ష్మణన్ ఒక అపూర్వమైన డోలకాన్ని వెలుగులోకి తెచ్చారు. దాని ద్రవ్యరాశి స్థానంతో పాటు మారుతున్నట్టు లగ్రాంజియన్ ఉంటుంది. సమీకరణం సరళం కాకపోయినా పరిష్కారం మామూలు సైన్ తరంగమే. అయితే కంపన కాలం కంపన పరిమితి మీద ఆధారపడుతుంది. ఆ తర్వాత తిరుచిరాపల్లి భారతీదాసన్ విశ్వవిద్యాలయంలో లక్ష్మణన్, వి.కె. చంద్రశేఖర్, ఎం. సెంథిల్‌వేలన్ 2005లో మరో సమీకరణాన్ని పరిశీలించారు. అందులో వేగంతో కూడిన పదం ఉంది. పైకి చూస్తే ఘర్షణ వల్ల శక్తి ఇంకిపోయే వ్యవస్థలా కనిపిస్తుంది. లోతుగా చూస్తే దానికి లగ్రాంజియన్ ఉంది, నిత్యరాశి ఉంది, కంపన కాలం పరిమితితో మారదు. సమీకరణం ముఖం చూసి తీర్పు చెప్పరాదని, షరతులు పరీక్షించి చెప్పాలని ఆ పరిశోధన నేర్పుతుంది.

ఇక దొర్లే చక్రం సంగతి చూడటానికి మదురైకి వద్దాం. మీనాక్షీ సుందరేశ్వరుల కల్యాణాన్ని మాసి నెల నుంచి చిత్తిరై నెలకు మార్చి, చిత్తిరై ఉత్సవానికి నేటి రూపం ఇచ్చిన ఘనత తిరుమల నాయకునిదని చరిత్ర చెబుతుంది. 1623 నుంచి 1659 వరకు పాలించిన ఆ రాజు ఇంటి భాష తెలుగు. కల్యాణం మరునాడు తేర్లు మాసి వీధుల్లో ఊరేగుతాయి. వేలమంది పగ్గాలు పట్టి లాగే తేరుకు బండికున్నట్టు స్టీరింగ్ లేదు, ఇరుసులు బిగించినవి. వీధి మలుపు వచ్చినప్పుడు చూడండి. చక్రాల దగ్గర నిలిచిన మనుషులు ముట్టుక్కట్టై అనే చెక్కదిమ్మెను చక్రం ముందు ఏటవాలుగా పెడతారు. పగ్గం బిగుస్తుంది, చక్రం దిమ్మె ఎక్కి పక్కకు ఒరుసుకుంటూ జారుతుంది, తేరు ముఖం కొద్దిగా తిరుగుతుంది. దిమ్మె తీసి మళ్లీ పెడతారు, ముఖం మరికొంత తిరుగుతుంది. ప్రాణాలకు తెగించి చేసే పని అది. దిమ్మె లేకుండా, చక్రం జారకుండా ఉన్నంతసేపు తేరు ముందుకో వెనక్కో మాత్రమే నడవగలదు, పక్కకు ఒక్క అంగుళం కదలలేదు.

ఈ కట్టుబాటు స్వభావం గమనించాలి. గోడలో బిగించిన కీలు తలుపును ఒక వృత్తంలో ఉంచుతుంది. అక్కడ కట్టుబాటు స్థానాల మీదనే. దాన్ని హోలోనోమిక్ అంటారు. జారకుండా దొర్లే చక్రం మీది కట్టుబాటు వేగాల మీదిది. ఈ క్షణంలో పక్క దిక్కుకు వేగం లేదు అని మాత్రమే అది చెబుతుంది. ఏ చోటికి చేరకూడదో చెప్పదు. నాయుడుగారి బస్సును తలచుకోండి. రెండు బస్సుల మధ్య ఖాళీలోకి డ్రైవరు దాన్ని నేరుగా పక్కకు నెట్టలేడు. చక్రం తిప్పి ముందుకు, మళ్లీ తిప్పి వెనక్కి, అలా అటూ ఇటూ ఆడించి చివరికి పక్కనే ఉన్న ఖాళీలో నిలబెడతాడు. ఏ క్షణంలోనూ పక్కకు కదలకుండానే పక్కకు చేరాడు. వేగాల మీది ఇలాంటి షరతును సమాకలనం చేసి స్థానాల మీది షరతుగా మార్చలేం. ఎప్పుడు మార్చగలమో, ఎప్పుడు మార్చలేమో తేల్చే గణితం 1877లో ఫ్రోబీనియస్ చేతిలో స్థిరపడింది. మార్చలేని కట్టుబాటును నాన్‌హోలోనోమిక్ అంటున్నాం.

ఈ పేర్లు పెట్టినవాడు హైన్రిఖ్ హెర్ట్జ్, రేడియో తరంగాలను ప్రయోగశాలలో పుట్టించిన హెర్ట్జే. ఆయన హెల్మ్‌హోల్ట్జ్ శిష్యుడు. కనిష్ఠ క్రియా సూత్రం ప్రకృతి అంతటికీ వర్తిస్తుందని గురువు నమ్మకం. 1894 జనవరి 1న ముప్పై ఏడో సంవత్సరం నిండకముందే శిష్యుడు చనిపోయాడు. అదే ఏడు అచ్చయిన అతని చివరి గ్రంథానికి గురువు ముందుమాట రాశాడు. ఆ సెప్టెంబరులో గురువూ కన్నుమూశాడు. గురువు తన చేత్తో లోకానికి అందించిన ఆ గ్రంథంలోనే ఆయన నమ్మకాన్ని కదిలించే వాదం ఉంది.

ఆ వాదం అపురూపమైనది. నేల మీద జారకుండా దొర్లే బంతిని తీసుకోండి. అది ఎక్కడ ఉన్నదో చెప్పడానికి రెండు సంఖ్యలు, ఎటు తిరిగి ఉన్నదో చెప్పడానికి మూడు, మొత్తం ఐదు సంఖ్యలు కావాలి. దొర్లడం అనే కట్టుబాటు వల్ల ఏ క్షణంలోనైనా మూడు వేగాలు మాత్రమే స్వేచ్ఛగా ఉంటాయి. అటూ ఇటూ దొర్లించి బంతిని ఏ స్థితి నుంచైనా మరే స్థితికైనా తేవచ్చు. అలా తెచ్చే దారుల్లో క్రియ కనిష్ఠంగా ఉండే దారి కూడా ఒకటి ఉంటుంది. కానీ ఒక స్థితి నుంచి వదిలిపెట్టిన బంతి తనంతట తాను చేరగలిగే స్థితులు మూడు దిక్కుల మేరకే పరచుకుంటాయి. ఐదింటినీ నింపలేవు. అంటే కనిష్ఠ దారులున్న చోట్లన్నిటికీ సహజ చలనాలు లేవు. దొర్లే బంతి కనిష్ఠ క్రియా సూత్రాన్ని పాటించడం లేదు. ప్రకృతిలో ఇంత మామూలు చలనమే ఆ మహాసూత్రం పరిధి దాటి నిలబడింది.

తర్వాతి సంవత్సరాల చరిత్ర ఈ గీటురాయి మీద నడిచింది. 1895లో ఎర్నెస్ట్ లిండెలోఫ్ దొర్లే వస్తువు సమస్యలో కట్టుబాటును ముందుగానే లగ్రాంజియన్‌లో ప్రతిక్షేపించి, ఆ తర్వాత మామూలు సమీకరణాలు రాశాడు. హోలోనోమిక్ వ్యవస్థల్లో నిర్దోషమైన ఆ పద్ధతి ఇక్కడ తప్పు జవాబిచ్చింది. ఆ తప్పును పట్టుకున్న చాప్లిగిన్ సరైన సమీకరణాలను నిలబెట్టాడు. 1896లో హోల్డర్ మరో మాట చెప్పాడు. డలంబేర్ చెప్పిన విధంగా, కట్టుబాటు అనుమతించే స్వల్ప స్థానచలనాలతో మాత్రమే పొరుగు దారులను తయారుచేస్తే హామిల్టన్ సూత్రం దొర్లే వస్తువుకూ చెల్లుతుంది. కానీ అలా తయారైన పొరుగు దారులు కట్టుబాటును పాటించవు. సూత్రం మాట మిగిలింది, కనిష్ఠం అన్న అర్థం పోయింది.

ఆ రోజుల్లోనే కేంబ్రిడ్జిలో గిల్బర్ట్ వాకర్ అనే యువకుడు ఒక వింత రాతి పనిముట్టు చలనాన్ని విశ్లేషించాడు. కోలగా, నున్నగా ఉండే ఆ రాయిని ఒక వైపు తిప్పితే సాఫీగా తిరుగుతుంది. రెండో వైపు తిప్పితే ఊగిసలాడి, ఆగి, తనంతట తానే ఎదురు తిరుగుతుంది. దొర్లే కట్టుబాటే ఆ వింతకు మూలం. శక్తి ఎక్కడికీ పోకపోయినా ఒక దిక్కుకు మొగ్గు చూపే ఇలాంటి ప్రవర్తన మామూలు లగ్రాంజియన్ వ్యవస్థల్లో కనిపించదు. ఆ వాకరే 1904లో భారతదేశానికి వేధశాలల డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు. రుతుపవనాల లెక్కలు కట్టి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడన డోలనాన్ని కనుగొన్నాడు. పళని కొండల మీది కొడైకెనాల్ వేధశాల ఆయన శాఖ కిందిదే. 1913లో మద్రాసులో రామానుజన్ నోటు పుస్తకాలు చూసి, విశ్వవిద్యాలయం సాయం చేయాలని సిఫారసు చేసిన వ్యక్తి కూడా ఆయనే.

ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో వివాదం కొత్త రూపు దాల్చింది. కట్టుబాటును పాటించే దారుల్లోనే స్థిరబిందువు వెదకాలన్న పద్ధతిని 1980ల తొలినాళ్లలో కోజ్లోవ్ వేకోనోమిక్ యాంత్రిక శాస్త్రంగా ప్రతిపాదించాడు. గణితపరంగా అది నిర్దోషం, కానీ సాధారణంగా వేరే చలనాన్ని ఇస్తుంది. తిరిగే బల్ల మీద దొర్లే బంతితో ఆండ్రూ లూయిస్, రిచర్డ్ మరే ప్రయోగం చేసి 1995లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఫలితాలు డలంబేర్ సమీకరణాల వైపే మొగ్గాయి. పుస్తకంలో అందంగా ఉన్న సూత్రాన్ని చక్రం ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే సూత్రమే తప్పుకోవాలి.

మరి వెనుకదారి పూర్తిగా మూసుకుపోయినట్టేనా? కాదు. చాప్లిగిన్ ఎప్పుడో ఒక సందు చూపాడు. రెండు చరరాశులకు కుదించగల కొన్ని దొర్లే వ్యవస్థల్లో కాలాన్ని తగిన గుణకంతో కొత్తగా కొలిస్తే సమీకరణాలు హామిల్టన్ రూపానికి వస్తాయని 1911లో నిరూపించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు ఆంథనీ బ్లాక్, ఆస్కార్ ఫెర్నాండెజ్, టామ్ మెస్‌డాగ్ 2009లో విలోమ సమస్యనే నేరుగా ప్రయోగించారు. దొర్లే చక్రం సమీకరణాలు కట్టుబాటు ఉన్న చోట మాత్రమే అర్థం గలవి. వాటిని కట్టుబాటు లేని మొత్తం ప్రదేశానికి పొడిగించవచ్చు, అదీ అనేక విధాలుగా. ఆ పొడిగింపుల్లో ఏదైనా ఒకటి హెల్మ్‌హోల్ట్జ్ షరతులను తృప్తిపరిస్తే, లగ్రాంజియన్ దొరికినట్టే.

నిటారుగా నిలిచి దొర్లే ఒక చక్రంలో ఇది ఎలా పని చేస్తుందో దగ్గరగా చూద్దాం. దాని మామూలు శక్తిలో మూడు భాగాలున్నాయి. నేల మీద సాగే శక్తి, దొర్లే శక్తి, ముఖం తిరిగే శక్తి. ఇప్పుడు మొదటి భాగానికి గుర్తు మార్చి రుణం చేయండి. చక్రం ముఖం ఉన్న దిక్కున సాగే వేగాన్ని దొర్లే వేగంతో, ద్రవ్యరాశితో, వ్యాసార్ధంతో గుణించి ఆ మొత్తానికి కలపండి. వచ్చిన ప్రమేయంలో కట్టుబాటు ప్రసక్తి లేదు. దాని నుంచి మామూలు పద్ధతిలో సమీకరణాలు రాస్తే, నేల మీది రెండు దిక్కులకు చెందిన ద్రవ్యవేగాలు రెండూ స్థిరంగా ఉంటాయి. ఆ రెండూ సున్నా కావడం అంటే చక్రం జారకుండా దొర్లడమే. కనుక మొదటి క్షణంలో జారకుండా వదిలిన చక్రం ఆ పైన ఎప్పుడూ జారదు. దాని ముఖం సమవేగంతో తిరుగుతుంది, చక్రం సమవేగంతో దొర్లుతుంది, నేల మీద వృత్తం గీస్తుంది. అచ్చంగా నిజమైన చక్రం చేసే పని ఇదే. బయటినుంచి విధించిన కట్టుబాటు ఇక్కడ లోపలి నిత్యత్వ నియమంగా మారిపోయింది. సాగే శక్తికి రుణ గుర్తు పెట్టాలని ముందుదారిలో నడిచే ఏ శాస్త్రజ్ఞుడికీ తోచదు. చలనం నుంచి వెనక్కి నడిచినవాడికే ఆ గుర్తు దొరుకుతుంది.

ఈ విజయం అన్ని దొర్లే వ్యవస్థలకూ వర్తించదు. కొన్నిటికి ఏ పొడిగింపూ షరతులు నెగ్గదు, కొన్నిటికి కాలాన్ని మార్చి కొలవాలి, కొన్నిటి సంగతి ఇంకా తేలలేదు. నేటి రోబోల చక్రాలు, ఉపగ్రహాల దిశను మార్చే పద్ధతులు, కంప్యూటర్లలో దీర్ఘకాలం నిలకడగా చలనాన్ని లెక్కించే విధానాలు ఈ ప్రశ్నలతో ముడిపడి ఉన్నాయి. లగ్రాంజియన్ ఉందని తేలితే హామిల్టన్ నుంచి ఇప్పటిదాకా పోగైన గణిత సంపద అంతా ఆ యంత్రానికి అందుబాటులోకి వస్తుంది. లేదని తేలితే కొత్త గణితం నిర్మించాలని తెలుస్తుంది. రెండు జవాబులూ లాభమే. తెలియక మామూలు సూత్రాన్ని అంటగట్టడమే నష్టం.

నాయుడుగారు 1945లో కోయంబత్తూరు నగరంలో ఆర్థర్ హోప్ పేరిటి కళాశాలతో ఇంజనీరింగు విద్యకు పునాది వేశారు. అదే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు 1926లో నెలకొల్పిన ధర్మసంస్థ 1951లో సాంకేతిక కళాశాల తెరిచింది. 1956లో వి. రంగస్వామి నాయుడుగారి పేరిటి ట్రస్టు మరో సాంకేతిక సంస్థను స్థాపించింది. యంత్రం చేసేవారి చేతుల్లోంచి పుట్టిన విద్యాలయాలివి. వీటిలో యాంత్రిక శాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. లగ్రాంజియన్ ముందు రాసి సమీకరణం తర్వాత రాబట్టే పాఠంతో పాటు, సమీకరణం ముందు ఇచ్చి లగ్రాంజియన్ ఉందో లేదో తేల్చమనే పాఠం కూడా చెప్పండి. మొదటి ఉదాహరణగా దొర్లే చక్రాన్నే తీసుకోండి. ఈ విషయాలను తెలుగులోనూ, తమిళంలోనూ రాయండి. ఇంట్లో తెలుగు వింటూ ఈ ఊళ్లలో పెరుగుతున్న పిల్లలు పని చేసే యంత్రం నుంచి సూత్రానికి సొంతంగా నడవగలిగితే, ఈ నగరం జి.డి. నాయుడుగారికి చెల్లించవలసిన రుణంలో కొంతైనా తీరుతుంది.